మా ఊరికి గేటు పెట్టారు, మీ ఊరికి ఎప్పుడు?

ప్రతి ఊరికీ ఒక గేటు ఉండాలి. ఇది నా అభిప్రాయం కాదు, డిమాండ్. ఊళ్లో బడి లేకపోయినా ఫర్వాలేదు, బస్సు రాకపోయినా సర్దుకుపోవచ్చు. గేటు లేకపోతే మాత్రం అదేం ఊరండీ? ఎవరు పడితే వాళ్లు లోపలికి వచ్చేస్తారు. ముఖ్యంగా ఆ ఊరివాళ్లు.

మా ఊరికి గేటుంది. ఈ మాట చెప్పేటప్పుడు నా ఛాతీ చొక్కాలో పట్టదు. నల్లటి ఇనప గేటు, దాని మీద ఒక కెమెరా, అంకెలు నొక్కే పలక, పక్కన అద్దాల గది, గదిలో కుర్చీ, కుర్చీలో యూనిఫాం వేసుకున్న మా మామయ్య. మీ ఊరికి ఇవేవీ లేకపోతే అసూయపడండి. నేనేమీ అనుకోను.

ఈ భాగ్యం ఎలా కలిగిందంటే, మెయిన్ రోడ్డు నుంచి మా ఊరికి ఒకటే దారి. దానికి అటూ ఇటూ ఉన్న పొలాలు సిటీవాళ్లు కొన్నారు. అందులో మామయ్య పొలం కూడా ఉంది. కొని విల్లాలు కట్టారు. విల్లాల చుట్టూ గోడ కట్టారు. అటు గోడ, ఇటు గోడ, మధ్యలో దారి మాత్రం బోసిగా ఏం బాగుంటుందని దానికి గేటు పెట్టారు. అంతే. ఎవరి మీదా కక్ష లేదు. గోడకీ గోడకీ మధ్య ఖాళీ కనిపిస్తే పూడ్చేయాలనిపించడం మానవ సహజం. ఆ ఖాళీలోంచి రోజూ ఓ ఊరు నడిచి వెళ్తోందన్న సంగతి వాళ్ల ప్లానులో లేదు. ప్లానులో మా ఊరు ఉన్న చోట "పచ్చదనం" అని రాసి ఉంది.

మా తాతల కాలంలో సిటీ చూడాలంటే ఎంత కష్టం! తెల్లారకముందే లేవాలి, బస్సుకి పరిగెత్తాలి, దారంతా వాంతులు చేసుకోవాలి. ఇప్పుడా బాధ లేదు. సిటీయే వచ్చి మా గుమ్మంలో కూర్చుంది. మేం దాన్ని దాటుకుని వెళ్లాలి, అదొక్కటే.

వాళ్లు ఇక్కడికి ఎందుకొచ్చారంటే పల్లె వాతావరణం కోసం. అందుకని కాలనీలో స్తంభానికొక స్పీకరు పెట్టి పొద్దున్నే ఆవుల మెడగంటల చప్పుడు వినిపిస్తారు. మా అత్తయ్య ఆవు మొదట్లో ఆ స్పీకర్లకి జవాబు చెప్పేది. న్యూసెన్స్ అని కంప్లయింట్ వచ్చింది. నిజమే కదా? అంత మంచి రికార్డింగ్ నడుస్తుంటే మధ్యలో ఆవు అరిస్తే ఎవరికైనా చిరాకే.

సరే, గేటు దగ్గరికి వద్దాం.

గేటు పెట్టిన కొత్తలో ఊరివాళ్లందరినీ యాప్‌లో ఎక్కించమన్నారు. ఆ పని మామయ్య మీద పడింది. చూస్తే యాప్‌లో నాలుగే రకాల మనుషులున్నారు. రెసిడెంట్, గెస్ట్, స్టాఫ్, పార్సెల్. రెసిడెంట్ కావాలంటే విల్లా ఉండాలి. గెస్ట్ కావాలంటే విల్లావాళ్లు పిలవాలి. స్టాఫ్ కావాలంటే విల్లావాళ్ల పని చెయ్యాలి. "ఇక్కడే పుట్టినవాళ్లు" అనే రకం ఒకటి ఉంటుందని ఆ యాప్ తయారుచేసినవాడికి తట్టలేదు. మామయ్య తల గోక్కుని, గోక్కుని, ఎవరి పర్మిషనూ అక్కర్లేని రకం ఒక్కటే ఉందని గమనించాడు. ఊరు మొత్తాన్నీ పార్సెళ్లుగా ఎక్కించాడు. తనొక్కడూ స్టాఫ్.

పార్సెల్‌గా బతకడంలో ఉన్న హాయి మీకు తెలీదు. ఎవరూ మర్యాదలు చెయ్యరు, మనమూ చెయ్యక్కర్లేదు. గేటు ముందు నిలబడితే ఇంటి ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. ఆ అంకెలు చెప్తే గేటు తెరుచుకుంటుంది. షరతు ఒక్కటే. లోపలికి వెళ్లిన పార్సెల్ అరగంటలో బయటికి రావాలి. రాకపోతే కాలనీ ప్రెసిడెంటు మేడం ఫోన్ కుయ్యోమంటుంది.

అందుకని లోపలికి వచ్చిన ప్రతివాణ్నీ అరగంట నిండేలోపు బయటికి పోయినట్టు మామయ్య యాప్‌లో నొక్కేస్తాడు. ఆ లెక్కన మా ఊళ్లో ఇప్పుడు ఒక్క ప్రాణి లేదు. అందరూ వచ్చారు, అందరూ వెళ్లిపోయారు. అచ్చంగా పచ్చదనమే మిగిలింది.

ఒకసారి మామయ్య ఏదో ధ్యాసలో వాళ్ల అమ్మని, అంటే మా అమ్మమ్మని, నొక్కడం మర్చిపోయాడు. మేడం ఫోన్ చేసి పార్సెల్ ఒకటి లోపలే ఉండిపోయిందని నిలదీసింది. మామయ్య కంగారుగా ఇంటికి ఫోన్ చేశాడు.

"అమ్మా, నువ్వింకా లోపలే ఉన్నావా?"

"లోపల ఉండక ఎక్కడుంటాన్రా? ఇప్పుడే నడుం వాల్చాను."

"మేడం అడుగుతోంది."

"పాడైపోయే సరుకు కాదులే, రేపొచ్చి పట్టుకెళ్లమను."

ఇక కుటుంబ బంధాల సంగతి. మా నాన్నా నేనూ మాట్లాడుకోవడం నేను పదో క్లాసు తప్పినప్పుడు ఆగిపోయింది. గేటు వచ్చాక రోజూ మాట్లాడుకుంటున్నాం. ఆయన ఎరువు బస్తాతో గేటు ముందు నిలబడి నాకు ఫోన్ చేస్తాడు. "చెప్పు" అంటాడు. అంకెలు చెప్తాను. "ఊఁ" అంటాడు. మొన్నొకసారి కావాలనే ఒక అంకె తప్పు చెప్పాను. తిట్టాడు. ఎండలో నిలబడి, బస్తా భుజం మీద పెట్టుకుని, నోరారా తిట్టాడు. పెద్దకొడుకుని అంతసేపు పట్టించుకోవడం ఆయన జీవితంలో అదే మొదలు. నా కళ్లు చెమర్చాయి. మీ ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య ఈపాటి మాటామంతీ ఉందా?

చుట్టాలు తగ్గారు. పొద్దున్నే వచ్చి దీపాలు పెట్టేదాకా కదలని పెద్దమ్మ ఒకావిడ మాకుండేది. ఆవిడ ఫోన్ చేసినప్పుడు ఓటీపీ రాలేదని చెప్తే సరిపోతోంది. దొంగలూ తగ్గారు. ఒకడు ప్రయత్నించాడట గానీ, పలక మీద "వచ్చిన పని" దగ్గర ఏం రాయాలో తోచక తిరిగి వెళ్లిపోయాడట. అబద్ధం రాయడానికి మనసొప్పలేదో ఏమో.

ఇప్పుడు ఆవు సంగతి చెప్పాలి. ఎందుకంటే గేటు అసలు గొప్పతనం ఆవు దగ్గరే బయటపడింది.

ఆవు పేరు చుక్క. నుదుటి మీద తెల్లమచ్చ ఉంటుంది. పొలం అమ్మేశాక మామయ్య ఇంట్లో వ్యవసాయం అనదగ్గది చుక్క ఒక్కటే. ఆ ఇంట్లో అత్తయ్య లెక్క ప్రకారం ముందు చుక్క, తర్వాత అమ్మమ్మ, ఖాళీ ఉంటే మామయ్య. అలాంటి చుక్క చూడి కట్టింది. తొలిచూలు. అత్తయ్య నేల మీద నడవడం మానేసింది.

కాలనీ రూలు ప్రకారం ప్రతి జంతువునీ యాప్‌లో పెట్‌గా ఎక్కించాలి. అక్కడా నాలుగే రకాలు. కుక్క, పిల్లి, పక్షి, చేప. మామయ్య మళ్లీ తల గోక్కున్నాడు.

"చేప అని రాయడానికి మనసు రాలేదు అల్లుడూ" అన్నాడు నాతో.

"మరేం రాశావ్ మామయ్యా?"

"కుక్క. సైజు అడిగింది. పెద్దది అని కొట్టాను."

ఆ రోజు నుంచి చుక్క మెడలో బిళ్ల పడింది. మేతకి బయటికి వెళ్లినప్పుడల్లా వెనకాల సంచి పట్టుకుని వెళ్లాలని అత్తయ్యకి చిన్న ప్లాస్టిక్ సంచులు ఇచ్చారు. విల్లాల్లో కుక్కల వెనకాల తిరిగేవాళ్లు పట్టుకునే సంచులు. అత్తయ్య ఆ సంచిని చూసింది, చుక్కని చూసింది, ఇంట్లోకి వెళ్లి తట్ట తెచ్చుకుంది.

ఇక ఆ మధ్యాహ్నం. నేను అద్దాల గదిలో మామయ్య ఏసీ గాలి పీలుస్తూ కూర్చున్నాను. అత్తయ్య నుంచి ఫోన్ వచ్చింది. చుక్కకి నొప్పులు మొదలయ్యాయి, ఒక్క కాలే బయటికి కనిపిస్తోంది, పశువుల డాక్టరుకి చెప్పాను, వస్తున్నాడు అంది. మామయ్య ముఖం పాలిపోయింది. ముందుకాళ్లు రెండూ, వాటి మీద తలా రావాలి. ఒక్క కాలే వచ్చిందంటే రెండోది లోపల మడత పడిందన్నమాట. ఆలస్యమైతే దూడ పోతుంది. తల్లి కూడా పోవచ్చు.

డాక్టరు గారు బండి మీద రానే వచ్చారు. గేటు ముందు హారన్ కొట్టారు. మామయ్య పరిగెత్తుకుంటూ వెళ్లి, గేటు ఊచల్లోంచి దండం పెట్టాడు.

"సార్, మా ఆవుకే. మిమ్మల్ని పార్సెల్ అని రాస్తాను. అరగంటలో బయటికి వచ్చెయ్యాలి."

"అరగంటలో రమ్మని దూడకి ఎవరు చెప్తారయ్యా?"

"మా ఊరివాళ్లనైతే పోయినట్టు నేనే నొక్కేస్తాను సార్. మీకు బండుంది. బండి నంబరు కెమెరా పట్టేస్తుంది. బండి బయటికి పోకుండా మీరు బయటికి పోయినట్టు నొక్కలేను."

"అయితే బండి ఇక్కడే పెట్టి నడిచొస్తా."

"గేటు ముందు పార్కింగ్ లేదు సార్."

"మరెక్కడ పెట్టను?"

"లోపలుంది సార్ పార్కింగ్."

డాక్టరు గారు హెల్మెట్ తీసి మామయ్యని పరీక్షగా చూశారు. వైద్యం ఎవరికి చెయ్యాలో అర్థంకానట్టు చూశారు.

మిగిలిన దారి ఒక్కటే. గెస్ట్‌గా రానివ్వాలి. దానికి మేడం ఒప్పుకోవాలి. మామయ్య ఇంటర్‌కామ్ ఎత్తాడు. అది గట్టిగా వినిపిస్తుంది గనక నేనూ విన్నాను, డాక్టరు గారూ విన్నారు.

"మేడం, పశువుల డాక్టరు గారు వచ్చారు."

"ఎవరి పెట్‌కి?"

"మా ఆవుకి మేడం."

"లిస్టు చూస్తున్నాను. మన దగ్గర ఆవు లేదే?"

"కుక్క అని ఉంటుంది మేడం. పెద్ద సైజు."

"కుక్కకి పశువుల డాక్టరెందుకు?"

"ఈనుతోంది మేడం."

"అయ్యో, పిల్లలా? ఎన్ని? ఏం బ్రీడు?"

మామయ్య ఫోన్ చెవి నుంచి తీసి దాని వైపు చూశాడు. మళ్లీ చెవికి పెట్టుకున్నాడు.

"ఒకటే మేడం. అది కూడా బయటికి రావట్లేదు."

"చూడండి, పెట్స్ సంఖ్య పెరిగేటప్పుడు కమిటీకి ముందే చెప్పాలి కదా? నా ఒక్కదాని చేతిలో లేదు. ఆదివారం మీటింగ్‌లో పెడదాం. అందాకా దాన్ని కాస్త జాగ్రత్తగా చూసుకోండి, సరేనా?"

ఎంత మంచి మనిషో చూడండి. కసురుకోలేదు, విసుక్కోలేదు. ఆదివారం అనే ఒక రోజు కూడా చెప్పింది. ఇంతలో అత్తయ్య మళ్లీ ఫోన్.

"ఏమయ్యా, డాక్టరేడి?"

"గేటు దగ్గరున్నాడే."

"లోపలికి పంపకుండా గేటు దగ్గర ఎవరున్నారు?"

"నేనే."

అత్తయ్య వెనకాల చుక్క మూలుగు వినిపించింది.

"మరి?" అంది.

అంతే, ఫోన్ పెట్టేసింది. తిట్లు, శాపనార్థాలు, మీ అమ్మ, మీ వంశం, ఏమీ లేవు. ఒక్క "మరి". మా అత్తయ్య అంత తక్కువ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

మామయ్య యూనిఫాం చొక్కా బొత్తాలు విప్పడం మొదలుపెట్టాడు. తీరిగ్గా, పై నుంచి కిందికి. చొక్కా తీసి కుర్చీ వీపుకి తొడిగాడు. భుజాలు సరిచేశాడు. టోపీ తీసి పైన పెట్టాడు. ఒకడుగు వెనక్కి వేసి చూశాడు. నిజం చెప్పాలంటే కుర్చీకే బాగా నప్పింది.

"అల్లుడూ, డ్యూటీలో మనిషున్నాడా?"

"ఉన్నాడు మామయ్యా."

"అయితే నేను ఇంటికెళ్తున్నా."

బనీనుతో బయటికొచ్చి, రెండు చేతులతో గేటు నెట్టి తెరిచి, డాక్టరు గారి బండి వెనకాల ఎక్కాడు. ఇద్దరూ విల్లాల మధ్య నుంచి ఊరి వైపు దూసుకుపోయారు. వెనకాల గేటు కెమెరా ఎర్రగా మిణుకుమంది. నేనూ పరిగెత్తాను.

దొడ్లో డాక్టరు గారు భుజం దాకా చేయి పెట్టి, కళ్లు మూసుకుని, లోపల ఏదో వెతుకుతున్నారు. అత్తయ్య చుక్క తల ఒళ్లో పెట్టుకుని చెవిలో ఏదో చెప్తోంది. మామయ్య తాడు పట్టుకుని నిలబడ్డాడు. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని అందరికీ సలహాలు ఇస్తోంది, ఎవరూ వినట్లేదు. "దొరికింది" అన్నారు డాక్టరు గారు. మడత పడ్డ కాలు మెల్లగా సాపు చేశారు. ఆ తర్వాత అంతా జారినట్టే జరిగిపోయింది. తడిసి ముద్దైన దూడ గడ్డి మీద పడింది. కదల్లేదు. డాక్టరు గారు గడ్డిపోచ తీసుకుని దాని ముక్కులో పెట్టి తిప్పారు. దూడ తుమ్మింది. అత్తయ్య అప్పుడు ఏడ్చింది. ఆ వెంటనే మామయ్యని తిట్టడం మొదలుపెట్టింది, ఇందాక బాకీ పడ్డవన్నీ కలిపి.

ఆదివారం మీటింగ్ జరిగింది. అన్నమాట ప్రకారం ఆవు సంగతి ఎజెండాలో ఉంది. దానికంటే ముందు, గుర్తుతెలియని బనీను మనిషి గేటు తెరిచిన వీడియో ఉంది. అందరూ చూశారు. మామయ్యని పిలిచారు.

"ఇతను ఎవరో మీకు తెలుసా?"

"నేనే మేడం."

"మరి అప్పుడు డ్యూటీలో ఎవరున్నారు?"

"చొక్కా ఉంది మేడం."

ఉద్యోగం తీసేశారు. మేడం చాలా బాధపడింది. తనకి వ్యక్తిగతంగా ఏమీ లేదని, సిస్టమ్ అలా ఉందని చెప్పింది. సిస్టమ్ కూడా ఏమీ అనుకోకుండా స్టాఫ్ లిస్టులోంచి మామయ్య పేరు తీసేసింది. కొత్త గార్డు సిటీ నుంచి వచ్చాడు. మంచి కుర్రాడే. ఊరివాళ్లని బయటికి నొక్కే విద్య మామయ్యే దగ్గరుండి నేర్పించాడు. అయితే కొత్త పార్సెళ్లని చేర్చడం మాత్రం ఆపేశారట, ఇప్పటికే ఎక్కువైపోయాయని. అంటే మామయ్య ఇప్పుడు స్టాఫ్ కాదు, గెస్ట్ కాదు, రెసిడెంట్ ఎలాగూ కాదు, ఆఖరికి పార్సెల్ కూడా కాదు. గేటు దాటి బయటికి వెళ్లడానికి ఇబ్బందేం లేదు. తిరిగి రావడానికే ఆయన ఎవరో తేలాలి. అందుకని వెళ్లట్లేదు. దూడకి గడ్డి వేసుకుంటూ దొడ్లోనే ఉంటున్నాడు.

ఇందులోనూ మంచే చూస్తాను నేను. నలభై ఏళ్లుగా "ఇంటి పట్టున ఉండవయ్యా" అని అత్తయ్య మొత్తుకుంటూనే ఉంది. ఆ పని గేటు చేసిపెట్టింది.

మీటింగ్ అయిన సాయంత్రం కమిటీ తరఫున పెట్స్ సంఖ్య సరిచూడటానికి మేడం స్వయంగా మామయ్యవాళ్ల దొడ్లోకి వచ్చింది. కుక్కపిల్లని చూద్దామని వచ్చి దూడని చూసింది. కరిగిపోయింది. దాని బుగ్గ పట్టుకుని ఫొటో దిగి కాలనీ గ్రూపులో పెట్టింది. మర్నాడు సాయంత్రానికి సగం కాలనీ దొడ్లో ఉంది. పిల్లలు, తాతలు, చక్రాల బండ్లలో పసిపాపలు. గడపలో ఎవరినీ ఎవరూ ఏమీ అడగలేదు. చెప్పులతోనే వంటింట్లోంచి నడిచి దొడ్లోకి వెళ్లారు. ఒకాయన అమ్మమ్మ మంచం మీద కూర్చుని, ఆవిడని కొంచెం పక్కకి జరగమని, దూడతో వీడియో తీసుకున్నాడు. అమ్మమ్మ జరిగింది. మామయ్య అందరికీ మంచినీళ్లు అందించాడు. అత్తయ్య కుర్చీలు సరిపోక పక్కింటి నుంచి బల్ల తెప్పించింది.

వెళ్లబోతూ మేడం అత్తయ్య చేతులు పట్టుకుంది.

"ఎంత మంచివాళ్లండీ మీరు. మీ ఇంటికి తలుపేసి ఉండగా నేనసలు చూడలేదు."

అత్తయ్య నవ్వింది.

"తలుపెందుకండీ? వచ్చేది మనుషులేగా" అంది.

ఆ మాట మేడంకి తెగ నచ్చేసింది. అక్కడే నిలబడి ఫోన్‌లో రాసుకుంది. గ్రూపులో పెడితే అందరికీ నచ్చిందట. పల్లె మనసంటే ఇదేనని, ఇలాంటి విలువల కోసమే కదా మనం సిటీ వదిలి వచ్చామని చాలామంది రాశారట. కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించి, పెయింటర్ని పిలిపించి, గేటు పక్క గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో ఆ మాట రాయించింది. చుట్టూ పూలతీగ కూడా వేయించింది. చాలా బాగొచ్చింది. ఓటీపీ కోసం ఎదురుచూస్తూ మా నాన్న రోజూ అదే చదువుతున్నాడు.

అత్తయ్య మాటని గోడకెక్కించారని తెలిసి మామయ్య పొంగిపోయాడు. ఒక్కసారి కళ్లారా చూసుకోవాలని ఆయన కోరిక. కానీ అది గోడకి బయటి వైపు రాశారు.